ఐసు డబ్బాలో చాందిని రక్తం

(పదకొండో భాగం)

పోయిన వారం డాక్టర్ మెర్సీని మదీనాగూడలో, ఎల్లమ్మ రేకుల షెడ్డు ముందు, కట్లు విప్పే కత్తెరతో సహా నిలబెట్టి వచ్చాం. ఈ వారమే మన బండెక్కినవాళ్ళ కోసం ఓ నాలుగు ముక్కలు.

ఎల్లమ్మకు ఉన్నదల్లా చాందిని అనే తెల్ల గుర్రం. కొండాపూర్ నుంచి చందానగర్ దాకా ఎంతమంది పెళ్ళికొడుకులను మోసిందో దానికే తెలియదు. నాలుగు వారాల కిందట ఒక బారాత్‌లో, డీజే బండి ముందు నిప్పురవ్వలు చిమ్మే యంత్రం పక్కకు ఒరిగి, చాందిని వీపు మీది జరీ గుడ్డ అంటుకుంది. పెళ్ళికొడుకు దూకేశాడు. అతని షేర్వానీకి మసి కూడా అంటలేదు. పట్టీలతో బిగించిన గుడ్డను గుర్రం ఎలా దులుపుకుంటుంది? వెన్నుకు రెండు వైపులా చెరో జానెడు మేర లోతుగా కాలిపోయింది.

పశువైద్యంలో నలభై ఏళ్ళు పండిన సోమేశ్వరరావు గారు వచ్చి చూసి, ఇక దీన్ని బాధపెట్టకుండా మత్తు సూదితో నిద్రపుచ్చేద్దామన్నారు. ఆయన దగ్గర పాఠాలు నేర్చుకున్న మెర్సీయే ఆయనకు అడ్డం తిరిగింది. చాందిని రక్తాన్నే తీసి, అందులోంచి ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న ప్లాస్మాను వేరు చేసి, ఆ పీఆర్పీని గాయానికి పెడితే కొత్త చర్మం పుడుతుందని వాదించి, రెండు వారాల గడువు సంపాదించింది. ఎడమ గాయానికి పీఆర్పీ, కుడి గాయానికి మామూలు పూత మందు. రెండూ ఒకే వీపు మీద ఉన్నాయి కాబట్టి తేడా ఎవరికైనా కనిపిస్తుంది. గడువు ఈ శనివారం పొద్దున ఎనిమిదింటికి తీరింది. మెర్సీ కట్లు విప్పింది.

తేడా ఏమీ లేదు.

ఎడమ వైపూ కుడి వైపూ ఒకే రకమైన పాలిపోయిన పచ్చి పుండు. అంచుల్లో ఎక్కడా కొత్త చర్మం జాడ లేదు. మెర్సీ ముందు కళ్ళతో చూసింది, తర్వాత ఫోన్ టార్చి వేసి చూసింది, చివరికి పాత ఫోటోలు తీసి పక్కన పెట్టుకుని చూసింది. ఎన్నిసార్లు చూసినా గాయం గాయంలాగే ఉంది. పరీక్ష తప్పానని ముందే తెలిసిన పిల్ల కూడా రిజల్టు కాగితంలో నంబరు రెండోసారి వెతుక్కుంటుంది కదా, అదీ ఆమె పరిస్థితి.

సోమేశ్వరరావు గారు తన తోలు సంచీని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టారు. ఆ సంచీలో ఏముందో షెడ్డులో ఉన్న అందరికీ తెలుసు.

"చేయాల్సిందంతా చేశావమ్మా. నిన్నెవరూ తప్పుపట్టరు," అన్నారు ఆయన. "కానీ నొప్పి దానిది, ఆశ మనది. మన ఆశ కోసం దాని నొప్పిని ఎన్నాళ్ళు సాగదీస్తాం చెప్పు."

ఎల్లమ్మ గుర్రం మెడ మీద చెయ్యి తియ్యకుండానే మాట్లాడింది. "గడ్డి తింటుంది గదా సారూ. దాణా కోసం నా కొంగు గుంజుతుంది. తినేదాన్ని ఎట్ల సంపుతరు?"

"తింటూనే బాధపడుతోంది ఎల్లమ్మా. నాలుగు వారాల్లో ఒక్కసారైనా కింద పడుకుందా? గుర్రం ఎన్నాళ్ళని నిలబడి నెట్టుకొస్తుంది? కాళ్ళు దెబ్బతింటాయి. అప్పుడు నువ్వే వచ్చి అడుగుతావు, ఏదైనా చెయ్యి సారూ అని."

ఎల్లమ్మ మెర్సీ వైపు చూసింది. ఆ చూపు మెర్సీకి చురుక్కున తగిలింది. ఎందుకంటే రెండు వారాల కిందట ఇదే షెడ్డులో ఎల్లమ్మ చేతులు పట్టుకుని, నన్ను నమ్మమని అడిగింది తనే.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర బైకు ఆగింది. హెల్మెట్ తీస్తూ కిరణ్ పాల్ లోపలికొచ్చాడు. అతని ఉద్యోగం వినండి, మన హైటెక్ సిటీ తప్ప ఇంకెక్కడా ఇలాంటివి దొరకవు. మాదాపూర్‌లో ఒక జుట్టు క్లినిక్‌లో టెక్నీషియన్. కోడ్ రాసి రాసి నెత్తి పల్చబడిన కుర్రాళ్ళ రక్తాన్ని యంత్రంలో గిర్రున తిప్పి, ఇదే పీఆర్పీని తీసి, మళ్ళీ వాళ్ళ నెత్తికే ఎక్కిస్తారక్కడ. ఆదివారం చందానగర్ చర్చిలో గిటారు వాయిస్తాడు, మెర్సీకి పరిచయం అక్కడే. తెరవకముందే క్లినిక్‌కు వెళ్ళి చాందిని రక్తాన్ని తిప్పి ఇచ్చింది ఇతనే. ఫలితం చూద్దామని హుషారుగా వచ్చినవాడు, అందరి మొహాలూ చూసి బండి తాళం చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"రాలేదా?"

"రాలేదు," అంది మెర్సీ. "కిరణ్, ఆ రోజు నువ్వేం చేశావో మొదటినుంచి చెప్పు. నీకు చిన్నదనిపించింది కూడా వదలకు."

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా," అన్నారు సోమేశ్వరరావు గారు.

"రెండు నిమిషాలు సార్."

కిరణ్ పాల్ వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాడు. "ఆంటీ ఆటోల వచ్చిన్రు. ట్యూబులు ఎనిమిది. పైన తడి ఉంటే టిష్యూతోని తుడిచిన. ఎదురెదురుగా పెట్టిన. నువ్వు రాసిచ్చిన స్పీడే పెట్టిన, మనుషులకు పెట్టేదాని కంటే తక్కువ. ఎనిమిది నిమిషాలు..."

"ఆగు. తడేంటి?"

"తడంటే తడే. సీసాల మీద నీళ్ళు పట్టినయి. ఫ్రిజ్‌లకెల్లి తీసిన కూల్‌డ్రింక్‌కు పడతయి చూడు, గట్ల."

మెర్సీ మెల్లగా వెనక్కి తిరిగింది. షెడ్డు మూల గ్యాస్ పొయ్యి మీద గాజుగుడ్డలు ఉడకబెడుతున్న తల్లి రూతమ్మ, గరిటె ఆపింది.

రూతమ్మను ఇదివరకు చూసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. సర్కారు దవాఖానలో, కాలిన గాయాల వార్డులో ముప్పై రెండేళ్ళు స్టాఫ్ నర్సు. రిటైరై ఏడాది. ఆమె నడిచొస్తుంటే పక్క వార్డు డాక్టర్లు కూడా చొక్కా గుండీలు సర్దుకునేవారని చెబుతారు. ఆ రోజు రక్తం తీశాక చాందిని బెదిరి కాళ్ళు ఝాడించడంతో మెర్సీ కదల్లేకపోయింది. ట్యూబులు నేను పట్టుకెళతానని ముందుకొచ్చింది రూతమ్మే. మదీనాగూడ నుంచి మాదాపూర్‌కు ఆటోలో, ట్రాఫిక్‌లో, గంటా నలభై నిమిషాలు.

"అమ్మా, ఆ రోజు ట్యూబులు ఎందులో పెట్టుకెళ్ళావు?"

"డబ్బాలో."

"ఏ డబ్బాలో?"

"ఐసు డబ్బాలో. ఇంకెందులో పెడతారు? ముప్పై రెండేళ్ళు శాంపిళ్ళు పంపించాను, ఐసు లేకుండా ఒక్కటి నా చేతిమీదుగా వెళ్ళలేదు. ఆ ఎండలో ఆటోలో ఊరికే పట్టుకెళితే ఏమవుతుంది?"

"ఏమీ కాదమ్మా," అంది మెర్సీ. "ఊరికే పట్టుకెళితే ఏమీ కాదు. మిగతా శాంపిళ్ళకి ఐసు కావాలి. ప్లేట్‌లెట్లకి చలి తగలకూడదు. తగిలిందంటే ముడుచుకుపోతాయి, ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు కడతాయి. గాయం దగ్గర చేయాల్సిన పనంతా డబ్బాలోనే చేసేసి చచ్చిపోతాయి. నువ్వు కిరణ్ చేతికిచ్చింది ఉత్త పచ్చనీళ్ళు. పదిహేను రోజులు, అమ్మా. పదిహేను రోజులు చాందిని ఉత్త నీళ్ళతో నిలబడింది."

రూతమ్మ పొయ్యి కట్టేసింది. "ఐసు వద్దని నువ్వు నాకు చెప్పలేదుగా," అంది. అంతే. తడి గుడ్డలు ఒక్కొక్కటే తీసి పిండుతూ నిలబడింది.

నిజమే, చెప్పలేదు. సూది సైజు రాసింది, ట్యూబుల లెక్క రాసింది, యంత్రం వేగం రాసింది. తనే తీసుకెళతాను కదా అని దారి సంగతి మాత్రం రాయలేదు. చదువుకున్నవాళ్ళకు ఇదో జబ్బు. తమ తలలో ఉన్నదంతా ఎదుటివాళ్ళ తలలోనూ ఉంటుందనుకుంటారు. తల్లి మీద లేచిన కోపం సగంలో మెర్సీ మీదికే తిరిగింది.

కానీ ఆ కోపం వెనకాలే ఇంకో ఆలోచన పుట్టుకొచ్చింది. మందు ఓడిపోలేదు. అసలు మందే పడలేదు. కుడి గాయానికీ ఎడమ గాయానికీ తేడా లేకపోవడం వింత కాదు. తేడా ఉండి ఉంటేనే వింత.

"సార్," అంది. గొంతు హఠాత్తుగా పెద్దదైంది. "మాకు క్లాసులో మీరే చెప్పారు. మందు పనిచేయలేదని రాసేముందు, మందు లోపలికి వెళ్ళిందో లేదో చూసుకోమని."

"చెప్పాను. చెప్పి పాతికేళ్ళ నుంచి అనుభవిస్తున్నాను," అన్నారు సోమేశ్వరరావు గారు.

"చాందినికి మందు వెళ్ళలేదు సార్. ఇంకొక్క వారం. ఈసారి రక్తాన్ని యంత్రం దగ్గరికి పంపను. యంత్రాన్నే రక్తం దగ్గరికి తెప్పిస్తాను."

కిరణ్ పాల్ ఉలిక్కిపడ్డాడు. "ఏందీ, మెషినా? మెర్సీ, అది మా మేడం పానం."

"అడుగు."

"శనివారం. సాఫ్ట్‌వేరోళ్ళంత ఇయ్యాలనే వస్తరు."

"అడిగి చూడు కిరణ్."

అతను గేటు అవతలికి వెళ్ళి ఫోన్ చేశాడు. లోపలికి వినిపించిన ముక్కలు ఇవి: "గుర్రం మేడం... కాదు మేడం, జుట్టు కోసం కాదు... వీపుకి... అవును, అదే గుర్రం." తర్వాత చాలాసేపు అవతలివాళ్ళే మాట్లాడారు. తిరిగొచ్చేసరికి అతని మొహం వెలిగిపోతోంది. "రెండింటికల్ల మెషిన్ క్లినిక్‌ల ఉండాలన్నది. గుర్రం ఫోటో కూడా కావాలంట, కట్టుతోని ఒకటి, కట్టు లేకుండ ఒకటి."

సోమేశ్వరరావు గారు ఎల్లమ్మను చూశారు. "నువ్వేమంటావు ఎల్లమ్మా? గుర్రం నీది."

"నాకు మీ మిషన్ల సంగతి తెల్వదు సారూ. డాక్టరమ్మ మొదలు తప్పు జరిగిందని చెప్పింది చూడు, నాకు గది మంచిగనిపించింది. తప్పు చెప్పుకునేటోళ్ళు ఎంతమంది ఉంటరు. ఒక్క వారం నేనే అడుగుతున్న."

ఆయన ఒక నిట్టూర్పు విడిచి, సంచీ తెరిచి, నొప్పి తగ్గించే సూది తీసి తనే వేశారు. "వచ్చే శనివారం ఎనిమిదింటికి వస్తాను. అప్పుడు నా మాటే మాట. ఎవరూ నాకు నా పాఠాలు చెప్పకూడదు," అని మెర్సీ వైపు వేలు చూపించి కారెక్కారు.

ఇక చూడాలి ఆ షెడ్డులో సందడి. కిరణ్ పాల్ బైకు మాదాపూర్ వైపు దూసుకుపోయింది. పదిన్నరకు యంత్రాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని క్యాబులో తిరిగొచ్చాడు. బైకు క్లినిక్‌లోనే వదిలేశాడట. యంత్రం వచ్చింది గానీ షెడ్డులో కరెంటు ఒక్క బల్బుకే సరిపోతుంది. ఎల్లమ్మ పక్క అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఇస్త్రీ బండి ఆవిడతో మాట్లాడి, ప్లగ్గు ఖాళీ చేయించి, గోడ మీంచి వైరు లాగించింది. బాల్కనీల్లోంచి జనం తొంగిచూడటం మొదలైంది. ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని మీటింగులో ఉన్న ఒకాయన, మీటింగు వదిలి గుర్రాన్నే చూస్తూ ఉండిపోయాడు.

మెర్సీ చాందిని మెడ మీద నాలుగు వేళ్ళ మేర వెంట్రుకలు గొరిగి, స్పిరిట్‌తో తుడిచి, నరం పట్టుకుంది. ఎల్లమ్మ గుర్రం చెవిలో ఏదో గొణుగుతూనే ఉంది, ఏం చెప్పిందో ఆ ఇద్దరికే ఎరుక. ట్యూబుల్లో రక్తం గడ్డకట్టకుండా ముందే మందు పోసి ఉంది. ఎనిమిది ట్యూబులు వెచ్చగా నిండాయి. మెర్సీ వాటిని ఎవరి చేతికీ ఇవ్వలేదు. నాలుగడుగులు తనే నడిచి యంత్రంలో పెట్టింది. పోయినసారి గంటా నలభై నిమిషాలు పట్టిన ప్రయాణం ఈసారి నాలుగడుగుల్లో అయిపోయింది.

యంత్రం గుయ్‌మంటూ తిరిగింది. ఎనిమిది నిమిషాలు. మూత తీస్తే అడుగున ఎర్రగా, పైన గడ్డిరంగులో పసుపుగా రెండు భాగాలై, మధ్యలో సన్నటి తెల్ల గీత. మెర్సీ ఊపిరి బిగబట్టి, ఎర్రది తగలకుండా పసుపునూ ఆ తెల్ల గీతనూ సిరంజిలోకి లాగింది. కొత్త ట్యూబులో పోసి మళ్ళీ తిప్పారు, ఈసారి గట్టిగా. పైనున్న పల్చటి భాగం చాలావరకు తీసేసి, అడుగున చేరినదాన్ని మిగిలిన కాస్త ప్లాస్మాలో మెల్లగా కలిపింది.

కలిపాక చెయ్యి ఆగిపోయింది. పోయినసారి కూడా ట్యూబు చూడటానికి ఇలాగే ఉంది. ఇందులో ఉన్నవి బతికి ఉన్నాయని ఎలా తెలియాలి? మైక్రోస్కోపు లేదు, ల్యాబు లేదు, రెండింటికి యంత్రం వెళ్ళిపోతుంది.

"వెలుతురుకి పెట్టి చూడు."

రూతమ్మ వెనకాలే నిలబడి ఉంది.

"ఎండకి ఎదురుగా పట్టుకుని మెల్లగా పక్కకి వంచు. లోపల పట్టుబట్ట కదిలినట్టు మెరుస్తూ అలలు లేస్తే బాగున్నట్టు. ఉత్త మబ్బులా ఉంటే లేనట్టు."

మెర్సీ షెడ్డు బయటికి పరుగెత్తి ట్యూబును ఎండకు ఎత్తింది. వంచింది. ఆ పసుపులో, వేలెడంత మేర, తళుకుమంటూ ఒక అల లేచి చుట్టు తిరిగింది. మళ్ళీ వంచింది. మళ్ళీ లేచింది.

"కిరణ్, చూడు చూడు, కదులుతున్నాయి," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళ డాక్టరమ్మ రోడ్డు మీద ట్యూబు పట్టుకుని చిన్నపిల్లలా గెంతుతుంటే ఇస్త్రీ బండి ఆవిడ కూడా వచ్చి చూసి, ఏముందో అర్థం కాకపోయినా, మంచిగుందమ్మా అని వెళ్ళింది. ఆ సంతోషంలో మెర్సీ చాలా వాటిని గమనించింది. ఎండను, ఆ అలను, కిరణ్ పాల్ నోరు తెరిచి చూడటాన్ని. ఒక్క తల్లి మొహం మాత్రం చూడలేదు.

ఎడమ గాయం అంచు చుట్టూ సన్న సూదితో కొంచెం కొంచెం దూరంలో పీఆర్పీ ఎక్కించారు. మిగిలినదానిలో కాల్షియం చుక్క వేస్తే స్టీలు గిన్నెలోనే జున్నులా పేరుకుంది. దాన్ని గాయం మీద పరిచి, తడి ఆరకుండా కట్టు కట్టారు. కుడి గాయానికి మళ్ళీ మామూలు మందే. పరీక్ష పరీక్షే.

ఆ వారం ఎలా గడిచిందని అడగకండి. మెర్సీ రోజూ ఉద్యోగానికి వెళ్ళేముందు ఓసారి, వచ్చాక ఓసారి షెడ్డుకు వచ్చింది. ఆమె వచ్చేసరికే రూతమ్మ అక్కడ ఉండేది. చందానగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, చాందిని పక్కన పీట వేసుకుని, ఈగలు వాలకుండా విసురుతూ కూర్చునేది. కాలిన ఒంటికి నొప్పి తెలియకుండా గుడ్డ ఎలా మార్చాలో ఎల్లమ్మకు నేర్పింది. మంగళవారం పొద్దున ఎల్లమ్మ ఫోన్ చేసి, చాందిని కాళ్ళు ముడుచుకుని గడ్డి మీద హాయిగా పడుకుందని, లేపడానికి మనసొప్పడం లేదని చెప్పింది. నొప్పి తగ్గితే తప్ప గుర్రం అలా పడుకోదు. ఆ రోజు మెర్సీ చూసిన ప్రతి కుక్కకూ, ప్రతి పిల్లికీ కాస్త ఎక్కువ ముద్దు దక్కింది.

శనివారం ఎనిమిదికి అయిదు నిమిషాల ముందే సోమేశ్వరరావు గారు దిగారు. అదే సంచీ, అదే స్టూలు.

"ముందు కుడి," అన్నారు.

కుడి కట్టు విప్పారు. పోయిన వారంలాగే ఉంది.

"ఎడమ."

రూతమ్మ ముందుకొచ్చి, గోరువెచ్చని నీళ్ళతో గుడ్డను తడిపి, పొరపొరగా లేపింది. గాయం పాలిపోయి లేదు. నిండా కొత్త రక్తం పాకి ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. అంచు పొడుగునా నూలుపోగంత గులాబిరంగు గీత లోపలికి జరిగింది. అంతకన్నా గొప్ప సంగతి మధ్యలో ఉంది. అంచుకు దూరంగా, ఎర్రటి గాయం నడుమ, ఆవగింజలంత తెల్లని చుక్కలు. వెంట్రుకల మొదళ్ళలో బతికిపోయిన చర్మం మళ్ళీ తలెత్తుతున్న చుక్కలు.

సోమేశ్వరరావు గారు కళ్ళజోడు పెట్టుకుని వంగారు. తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని వంగారు. "ఒకటి, రెండు, మూడు..." ఏడు దాకా లెక్కపెట్టారు. ఎల్లమ్మ నమ్మక మళ్ళీ లెక్కపెట్టింది, ఆమెకు ఎనిమిది వచ్చాయి. ఎనిమిదోది దుమ్ము అని ఆయన, కాదని ఆమె. చివరికి ఆమే గెలిచింది.

ఆయన సంచీని స్టూలు మీంచి తీసి కారులో పెట్టి వచ్చారు. వచ్చి మెర్సీ భుజం మీద చెయ్యి వేశారు. "నలభై ఏళ్ళలో కాలిన గుర్రాలను పదకొండింటిని పంపించేశానమ్మా. అందులో ఎన్ని బతికేవో ఇవాళ్టి నుంచి లెక్కపెట్టుకోవాలి," అన్నారు. ఎల్లమ్మ చాందిని మెడ పట్టుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ కలిపి చేస్తోంది. కిరణ్ పాల్ కట్టు లేని ఫోటో తీసి మేడంకు పంపేశాడు.

మెర్సీ ఆగలేకపోయింది. గురువు గారి ముందు నిలబడి జరిగిందంతా గడగడా చెప్పేసింది. ఇస్త్రీ బండి కరెంటు, నాలుగడుగుల ప్రయాణం, తెల్ల గీత. "ప్లేట్‌లెట్లు బతికున్నాయో లేదో ఎలా చూశామో తెలుసా సార్? ఎండలో పెట్టి వంచాం. పట్టులా అలలు లేచాయి. చలి తగిలి పాడైనవాటికి ఆ మెరుపు రాదు. పుస్తకంలో ఎప్పుడో చదివి మర్చిపోయాను. అమ్మే గుర్తు చేసింది."

సోమేశ్వరరావు గారి నవ్వు సగంలో ఆగింది. "రూతమ్మ గారా? ఆవిడకెలా తెలుసు?"

"కాలిన గాయాల వార్డు కదా సార్. రోజూ ప్లేట్‌లెట్ల సంచులు ఎక్కించినావిడ. ఎక్కించే ముందు అలాగే చూసి..."

అక్కడ మెర్సీ మాట దానంతటదే ఆగిపోయింది. ఆయన తల దించుకుని గుర్రం గిట్టల వైపు చూస్తూ నిలబడ్డారు. రోజూ ప్లేట్‌లెట్ల సంచులు ఎక్కించినావిడ. మంచివేవో పాడైనవేవో ఎండకు పెట్టి చెప్పగలిగినావిడ. అలాంటి మనిషి వాటిని ఐసులో పెట్టింది.

మెర్సీ తల్లి వైపు తిరిగింది. రూతమ్మ పాత కట్టును చుట్టి సంచీలో వేస్తోంది.

"అమ్మా. ఐసు తగలకూడదని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ రోజే తెలుసా?"

"నువ్వు పుట్టకముందు నుంచే తెలుసు," అంది రూతమ్మ. గొంతులో భయం లేదు, దాపరికం లేదు. ఎన్నాళ్ళ నుంచో మోస్తున్న బరువు దించుతున్న మనిషిలా ఉంది. "తెలిసే పెట్టాను. మందు పనిచేయకపోతే రెండు వారాల్లో సారు దాన్ని పంపించేస్తారని తెలిసే పెట్టాను. కాలినవాళ్ళని బతికిస్తాం బతికిస్తాం అని ఎన్నాళ్ళు లాగుతారో నేను చూశాను మెర్సీ. దాని కళ్ళు చూడగానే, ఇంకో నలభై ఒక్క రోజులు నా వల్ల కాదనిపించింది."

ఎల్లమ్మ గుర్రాన్ని వదిలి ఇటు తిరిగింది. "ఏందమ్మా, నువ్వా? రోజు వచ్చి విసిరినవు గదా దానికి?"

"విసిరాను. పోయిన శనివారం నువ్వు అడిగావు చూడు, తినేదాన్ని ఎట్ల సంపుతరని. నా దగ్గర జవాబు లేకపోయింది. పంపేయమని అది ఎవరినీ అడగలేదు. దాని తరఫున నేనే అనుకున్నాను. అందుకే ట్యూబు ఎండకి పెట్టమన్నాను."

మెర్సీకి తల్లి చెప్పినదానిలో ఒక్క ముక్కే చెవిలో గింగురుమంటోంది. "నలభై ఒక్క రోజులేంటమ్మా?"

రూతమ్మ చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. మెర్సీకి మూడేళ్ళప్పుడు, తండ్రి సాల్మన్ పనిచేసే ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. ఆయన అక్కడికక్కడే పోయారు, నొప్పి కూడా తెలియలేదు. ఇరవై ఏడేళ్ళుగా ఇంట్లో, చర్చిలో, చుట్టాల్లో అందరూ ఆమెకు చెప్పిన మాట అదే.

"మీ నాన్న అక్కడికక్కడే పోలేదు," అంది రూతమ్మ. "నా వార్డులోనే, ఏడో నంబరు మంచం మీద, నలభై ఒక్క రోజులు ఉన్నాడు. ఈ గుర్రం అడగలేదు. పంపేయమని ఆయన అడిగాడు మెర్సీ. నేను కాదనలేదు."